శాంటా క్లారా కౌంటీ కోర్టు నుంచి మా చెల్లెలి విడాకుల కాగితాలు తెప్పించిన వైనం

మా చెల్లెలికి 2012లో తెనాలిలో శాస్త్రోక్తంగా పెళ్లయింది. 2019లో కాలిఫోర్నియాలో ఇద్దరి అంగీకారంతోనే విడాకులయ్యాయి. ఆ తరవాత ఏడాది తిరిగేసరికి తాను విజయవాడలో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయింది, నేను సన్నీవేల్‌లోనే ఉండిపోయాను. 2025 జనవరిలో తనకు మళ్లీ సంబంధం కుదిరింది. అబ్బాయి క్రైస్తవుడు కావడంతో ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రారు ఎదుట పెళ్లి చేసుకుందామని ఇద్దరూ అనుకున్నారు. ఆ చట్టం కింద ఇచ్చే నోటీసులో అవివాహితులా, భార్య లేదా భర్త చనిపోయినవారా, విడాకులు పొందినవారా అని రాయవలసిన గడి ఒకటి ఉంటుంది. విడాకులు అని రాస్తే ఆధారం చూపించాలి. ఆ ఆధారం కోసం సంక్రాంతి వెళ్లిన వారంలో మొదలైన పని ఏప్రిల్ దాకా నడిచింది. ఇలాంటి అవసరం మనవాళ్లలో చాలామందికి వస్తున్నది కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అప్పట్లో కాగితాలన్నీ తన ఆఫీసు ఈమెయిలుకే వచ్చాయి, ఉద్యోగం మానేశాక ఆ మెయిలు పోయింది. తన తరఫు వకీలు వృత్తి మానుకున్నారు. మిగిలింది 2019లో నాకు వాట్సాప్‌లో పంపిన ఫొటో ఒక్కటే, అందులోనూ జడ్జి సంతకం, మసకబారిన ముద్ర ఉన్న భాగమే కనిపిస్తుంది. కేసు నంబరు లేదు, కౌంటీ (అక్కడి జిల్లా లాంటిది) పేరు లేదు. "శాన్ హోజే కోర్టు అనుకుంటా అన్నయ్యా, నేను అసలు కోర్టు మెట్లే ఎక్కలేదు కదా, వకీలు ఆఫీసులో సంతకాలు పెట్టి వచ్చేశాను" అంది. పరస్పర అంగీకారంతో సాగే కేసుల్లో ఇది మామూలే. అంతా కాగితాల మీదనే నడుస్తుంది కనుక ఏ కోర్టులో తీర్పు వచ్చిందో కూడా గుర్తుండదు.

నేను వెతకడం మొదలుపెట్టే ముందే విజయవాడలో వాళ్లు సంప్రదించిన వకీలు గారితో ఫోన్లో మాట్లాడాను, అది మంచిదయింది. "డిక్రీ ఒక్కటీ తెప్పిస్తే సగం పనే అయినట్టండీ" అన్నారాయన. 1991లో మన సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. అది మన తెలుగు జంట కేసే. తిరుపతిలో పెళ్లి చేసుకుని, ఆ తరవాత భర్త అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం సెయింట్ లూయీ కౌంటీ కోర్టు నుంచి విడాకుల డిక్రీ తెచ్చుకున్నాడు. ఆ డిక్రీ ఇండియాలో చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లిని ఆ చట్టంలో లేని కారణంతో విదేశీ కోర్టు రద్దు చేస్తే గుర్తించనవసరం లేదని, అయితే రెండో పక్షం ఇష్టపూర్వకంగా ఆ విడాకులకు సమ్మతించి ఉంటే గుర్తించవచ్చని అందులో ఉంది. పైగా అమెరికా కోర్టు కాగితానికి తగిన ధ్రువీకరణ లేకపోవడం కూడా ఆ కేసులో ప్రశ్న అయింది. "కాబట్టి డిక్రీతో పాటు, మీ చెల్లెలు గారు కూడా ఒప్పుకుని సంతకం పెట్టారని చూపించే కాగితం ఏదుంటే అది, కోర్టు ముద్రతో సహా, అపోస్టిల్‌తో సహా తెప్పించండి. రేపు ఎవరైనా ఆక్షేపణ పెడితే పనికొచ్చేది అదే" అని చెప్పారు. అపోస్టిల్ అంటే కాగితం మీది అధికారి సంతకం అసలైనదేనని పరదేశంలో చూపించడానికి ఇచ్చే ధ్రువపత్రం. ఈ ఒక్క మాట ముందే తెలియడం వల్ల రెండోసారి మొదటికి రావలసిన అవస్థ తప్పింది. ఈ అనుభవం మొత్తంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది కూడా ఇదే.

ఫిబ్రవరిలో వెతుకులాట మొదలుపెట్టాను. అంతర్జాలంలో విడాకుల రికార్డులని వెతికితే ముందుగా కనిపించేవన్నీ డబ్బు తీసుకుని వెతికిపెడతామనే ప్రైవేటు సైట్లే. వాటిలో చాలావాటికి కోర్టుతో సంబంధమే లేదు, ముద్ర వేసిన నకలు ఇచ్చే అధికారం అసలే లేదు. జనన మరణ ధ్రువపత్రాల్లాగా రాష్ట్ర ఆరోగ్య శాఖ ఇస్తుందేమోనని అటు చూస్తే, కాలిఫోర్నియాలో ఆ శాఖ దగ్గర 1962 నుంచి 1984 జూన్ వరకు నమోదైన విడాకుల వివరాలే ఉంటాయని, ఆ తరవాతి వాటికి కేసు నడిచిన కౌంటీ సుపీరియర్ కోర్టునే అడగాలని తెలిసింది. అంటే ముందు కౌంటీ తేలాలి.

వాళ్లు కాపురం ఉన్నది ఫ్రీమాంట్‌లో, అది ఆలమేడా కౌంటీ. విడిపోయాక బావగారు మిల్పిటాస్‌కు మారారు. రెండు ఊళ్లూ పక్కపక్కనే ఉన్నా మిల్పిటాస్ శాంటా క్లారా కౌంటీలోకి వస్తుంది. భార్యాభర్తల్లో ఒకరు రాష్ట్రంలో ఆరు నెలలు, ఆ కౌంటీలో మూడు నెలలు నివసించి ఉంటే అక్కడ దాఖలు చేయవచ్చు కనుక రెండింటిలో ఏదైనా కావచ్చు. ఆలమేడా కోర్టు కేసుల సూచిలో దొరకలేదు, శాంటా క్లారా కోర్టు పోర్టల్లో దొరికింది. అయితే అంత తేలిగ్గా కాదు, పేర్ల దగ్గర చుక్కలు కనిపించాయి. మా చెల్లెలి మొదటి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండేది, దానితో అమెరికా వీసాలో తన పేరు కాస్తా చివరి పేరుగా మారి, ముందు పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ, అంటే ముందు పేరు తెలియదు, అని వచ్చింది. పెళ్లయ్యాక భర్త పేరు చివర చేరింది. బావగారికేమో ఇంటిపేరు మధ్యలోకి వెళ్లి, సొంత పేరులో రెండో సగం చివరి పేరయింది. ఇంటిపేరుతో వెతికితే ఏమీ రాలేదు. ఆయన పేరును రెండుగా విడగొట్టి, ఆ రెండో ముక్కతో వెతికితే వచ్చింది. మన పేర్లతో కోర్టు రికార్డు వెతికేవారు ఇంటిపేరును పట్టుకుని కూర్చోకుండా, డ్రైవింగ్ లైసెన్సు మీద చివరి పేరు ఎలా ఉండేదో గుర్తు చేసుకుని దానితోనూ, భార్యాభర్తలిద్దరి పేర్లతోనూ వెతకాలి. కేసు నంబరులో ముందు దాఖలైన ఏడాది చివరి రెండంకెలు, ఆ తరవాత ఎఫ్‌ఎల్, అంటే ఫ్యామిలీ లా, అనే అక్షరాలు ఉన్నాయి. ఆ ఏడాది 2018 అని చూడగానే ఇది వాళ్లదేనని నమ్మకం కుదిరింది.

పోర్టల్లో కనిపించేది ఏ తేదీన ఏ కాగితం దాఖలైందన్న జాబితా మాత్రమే. కాగితాలు తెరుచుకోవు. కుటుంబ కేసుల పత్రాలను ఇంటి దగ్గర కూర్చుని ఎవరు పడితే వారు చూడకుండా కాలిఫోర్నియా కోర్టు నియమాలే అడ్డుపెట్టాయి. అదే పత్రాలను కోర్టుకు వెళ్లి అడిగితే మాత్రం, గోప్యమని ప్రత్యేకంగా చెప్పినవి తప్ప, ఎవరైనా చూడవచ్చు. నేను కక్షిదారును కాను, మా చెల్లెలి నుంచి అధికారపత్రం రాయించుకోవాలేమో, దానికి నోటరీ ఎవరు చేస్తారో అని అంతవరకు మథనపడ్డాను. అవేవీ అక్కర్లేదని, కేసు నంబరు చెబితే చాలని ఫోన్లో చెప్పారు. పని తేలికయిందని సంతోషించాలో, నా చెల్లెలి సంసారం గుట్టు ఎవరైనా చూడవచ్చని బాధపడాలో అర్థం కాలేదు.

మార్చి మొదటి వారంలో ఒకరోజు సెలవు పెట్టి శాంటా క్లారా కౌంటీ కోర్టున్న శాన్ హోజే వెళ్లాను. సెయింట్ జేమ్స్ పార్కుకు దగ్గర్లో, నార్త్ ఫస్ట్ స్ట్రీట్ మీద ఫ్యామిలీ జస్టిస్ సెంటర్ అని 2016లో తెరిచిన పెద్ద భవనం ఉంది, కౌంటీలోని కుటుంబ వ్యవహారాలన్నీ అందులోనే. లోపల బెల్టు తీసి తనిఖీ దాటాక వరసలో నిలబడ్డాను. నా ముందు ఇద్దరు పసిపిల్లలతో ఒక ఆవిడ, వెనక ఫారాలు మోకాలి మీద పెట్టుకుని నింపుకుంటున్న ఒక కుర్రాడు ఉన్నారు. అక్కడికి వచ్చినవారిలో ఎవరి ముఖం చూసినా రాత్రి నిద్రపోయినట్టు లేదు.

ఏ పత్రాల నకళ్లు కావాలో ముందు కంప్యూటరులో చూసుకుని రాసిస్తే మంచిదన్నారు. అందుకని ప్రజలకోసం ఉంచిన తెర ముందు కూర్చుని ఆ కేసును తెరిచాను. మొదటి పత్రం పిటిషను, అంటే ఎఫ్‌ఎల్-100 ఫారం. విడాకులకు కారణం అడిగేచోట రెండే గడులున్నాయి. ఒకటి పొసగని విభేదాలు, రెండోది మతిస్థిమితానికి సంబంధించినది. మొదటి గడిలో చిన్న ఇంటూ గుర్తు. కాలిఫోర్నియాలో 1970 నుంచి ఎవరి తప్పూ నిరూపించనవసరం లేదు కనుక అంతకు మించి ఒక్క అక్షరం రాయరు. మా ఇంట్లో రెండేళ్లపాటు పెద్దమనుషులు కూర్చుని, ఎవరిది తప్పని వాదించుకుని, మా అమ్మ తిండి మానేసిన గొడవంతా ఆ ఇంటూ గుర్తులో ఇమిడిపోయింది. ఒకరకంగా అది మర్యాదేననిపించింది. ఎవరు చదివినా ఎవరి మీదా నింద కనపడదు.

తీర్పుకు జతచేసిన ఆస్తుల ఒప్పందం మాత్రం అలా లేదు. అందులో కారు, బ్యాంకు ఖాతాలు చివరి నాలుగంకెలతో సహా, భార్య దగ్గరున్న నగలు, ఫ్రీమాంట్ ఇల్లు, అన్నీ వరసగా ఉన్నాయి. ఆ ఇంటికి తొలి చెల్లింపులో మా నాన్నగారు పొలం అమ్మి పంపిన డబ్బు కొంత ఉంది. అది తిరిగి వచ్చిందనే మేమందరం అనుకున్నాం, నాన్నగారు పోయేదాకా అలాగే అనుకున్నారు. ఒప్పందంలో తాను ఆ వాటాను వదులుకుంటున్నట్టు, భరణం కూడా కోరనట్టు స్పష్టంగా ఉంది, కింద తన పొట్టి సంతకం ఉంది. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పక్క తెర ముందు కూర్చున్నాయన పెన్ను ఉందా అని అడిగితే ఇచ్చి, మళ్లీ అడగడం మరచిపోయాను. ఇలా మరొకరి కోసం వెళ్లేవారు, మీకు చెప్పని సంగతులు కూడా మీ కంట పడతాయన్నది గుర్తుంచుకోవాలి, వీలైతే వెళ్లే ముందే వాళ్లనొక మాట అడగాలి.

ఆ సాయంత్రం ఫోన్లో డబ్బు సంగతి నేను ఎత్తలేదు. తనే, "ఒప్పందం కాగితాలు కూడా డిక్రీతో పాటు వస్తాయా అన్నయ్యా?" అని అడిగింది. వస్తాయన్నాను. అవి తీర్పులో భాగమని రాసి ఉంటే విడదీసి ముద్ర వేయరు, రిజిస్ట్రారు ముందు పెట్టేటప్పుడు కొన్ని పేజీలు తీసేస్తే అసలుకే అనుమానం వస్తుంది. కాసేపు మాట్లాడలేదు. తరవాత, "సరేలే, ఆయనకు నేనే ముందు చెప్పేస్తాను. రెండోసారి దాచిపెట్టి మొదలుపెట్టడం ఎందుకు" అంది. నాన్నకు ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు, తనూ చెప్పలేదు.

ఇక ఖర్చుల సంగతి. విడాకుల తీర్పుకు సర్టిఫైడ్ నకలు 15 డాలర్లు. అదే కేసులోని వేరే కాగితానికి ముద్ర వేయించాలంటే ఒక్కోదానికి 40 డాలర్లు, పైగా పేజీకి అర డాలరు. అసలైన తీర్పు చౌక, పక్క కాగితాలు ఖరీదు, ఇది నేను ఊహించని విషయం. అందుకని అన్నీ తీసుకోకుండా వకీలు గారిని అడిగి ఏరుకున్నాను. తీర్పు, అంటే ఎఫ్‌ఎల్-180, రెండు నకళ్లు తీసుకున్నాను, ఒకటి పెళ్లికి, ఒకటి పాస్‌పోర్టులో భర్త పేరు తీయించడానికి. పిటిషను ఒకటి. ఎఫ్‌ఎల్-130 ఒకటి, అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఈ కేసును వివాదం లేనిదిగా పరిష్కరించవచ్చని, అప్పీలు హక్కు కూడా వదులుకుంటున్నామని భార్యాభర్తలిద్దరూ సంతకాలు పెట్టే ఫారం అది. సుప్రీంకోర్టు అడిగిన సమ్మతి అందులో కళ్లెదుట కనిపిస్తుంది. చివరిది ఎఫ్‌ఎల్-190, తీర్పు నమోదైనట్టు కోర్టు ఇద్దరికీ పంపే నోటీసు. మొత్తం 153 డాలర్ల చిల్లర అయింది.

ఎఫ్‌ఎల్-190 ఎందుకంటే, తీర్పు మీద తేదీలు ఒకటి కన్నా ఎక్కువ ఉంటాయి. మా చెల్లెలి తీర్పు మీద జడ్జి సంతకం, కోర్టు ముద్ర 2019 ఫిబ్రవరివి. వైవాహిక స్థితి ముగిసే తేదీ మాత్రం మార్చిలో ఉంది. రెండో పక్షానికి నోటీసు అందిన నాటి నుంచి ఆరు నెలలు నిండితే గాని అక్కడ పెళ్లి రద్దు కాదు. ఆ నోటీసులో ఆ తేదీని ఒక పెట్టెలో వేరుగా వేసి, ఆ తేదీ వచ్చేదాకా ఇద్దరిలో ఎవరూ మళ్లీ పెళ్లి చేసుకోకూడదని హెచ్చరిక అచ్చువేస్తారు. విడాకులు ఎప్పుడయ్యాయని మన దగ్గర ఫారాల్లో అడిగితే రాయవలసినది ఆ పెట్టెలోని తేదీనే.

అడిగినప్పుడు ఇవి అపోస్టిల్ కోసమని, అన్నిటి మీదా ఒకే అధికారి సంతకం ఉంటే మేలని కౌంటరులో చెప్పాను. ఆవిడ సరేనని కాగితం మీద రాసుకుంది. మరుసటి వారం చివరికి సిద్ధమయ్యాయి. ప్రతిదాని వెనకా ఊదా రంగు ముద్ర, చేతి సంతకం, తేదీ ఉన్నాయి. వేలితో తడిమితే ముద్ర ఉబ్బు తెలుస్తుంది.

అపోస్టిల్ ఇచ్చేది కోర్టు కాదు, రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం. పోస్టులో పంపితే పత్రానికి 20 డాలర్లు. నేరుగా వెళితే సంతకం చేసిన ఒక్కో అధికారికి ఇంకో 6 డాలర్లు. ఒకే సంతకం అడిగింది ఇందుకే. పోస్టులో పంపితే ఎన్నాళ్లు పడుతుందో తెలియక మార్చి చివరలో రాష్ట్ర రాజధాని శాక్రమెంటోకు కారులో పోయాను. ఏ దేశానికని అడిగే కాగితంలో ఇండియా అని రాసి, ఐదింటికీ కలిపి 106 డాలర్లు కట్టాను. మధ్యాహ్నం భోజనం వేళకు చేతికిచ్చారు. అపోస్టిల్ అంటే పది అంకెల వరసలున్న ఒక కాగితం, పైన హేగ్ ఒప్పందం పేరు ఫ్రెంచిలో, తేదీ 1961 అక్టోబరు 5. అది ధ్రువీకరించేది కోర్టు అధికారి సంతకాన్ని మాత్రమే, విడాకుల మంచిచెడ్డలను కాదు. భారతదేశం ఆ ఒప్పందంలో 2005 నుంచి ఉంది కనుక కాన్సులేటు ముద్ర అక్కర్లేదని వకీలు గారు ముందే చెప్పారు.

కాగితాలన్నిటినీ స్కాన్ చేసి పెట్టుకుని, అసలు ప్రతులను కొరియరులో పంపితే 70 డాలర్లు దాటింది. ఏప్రిల్ రెండో వారంలో విజయవాడ చేరాయి. పెళ్లి నోటీసు ఇచ్చిన రోజున రిజిస్ట్రారు గారు అపోస్టిల్ ఉన్న పేజీని వెలుతురుకు పెట్టి చూసి, ఎఫ్‌ఎల్-190లోని తేదీని రాసుకుని, మిగతావాటి జిరాక్సులు ఉంచుకున్నారట. ఒప్పందం పేజీలను ఎవరూ తిప్పలేదు. ముప్పై రోజుల నోటీసు గడువులో ఆక్షేపణ రాలేదు, మే నెలలో సంతకాలయ్యాయి. వకీలు గారు ఎఫ్‌ఎల్-130ని మిగతావాటితో కలిపి బీరువాలో పెట్టమన్నారు. అపోస్టిల్ పిన్ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీయవద్దని, లామినేషన్ అసలే చేయించవద్దని మా అమ్మకు ప్రత్యేకంగా చెప్పారు. ఎందుకంటే నా డిగ్రీ పట్టాకు ఆవిడ ఆ పని ఎప్పుడో చేసేసింది.